రేటు చెప్పనిదే నంబర్ ఇవ్వం

పోయిన ఏడాది దసరాకు ముందు మా ఇంట్లో ఇల్లు మారాలన్న మాట వచ్చింది. పద్మానగర్ గల్లీలో రెండు గదుల్లో మేం ఆరుగురం ఉంటున్నాం. చిన్నోడికి పెళ్లి చేయాలి, వచ్చే కోడలికి ఒక గది అయినా ఉండాలి గదా. థానే నుంచి భివండి మీదుగా కళ్యాణ్ దాకా వేస్తున్న మెట్రో 5 పేరు చెప్పి ఇప్పుడు ఎక్కడ చూసినా ఫ్లాట్ల ప్రకటనలే. భివండి రోడ్ స్టేషన్ బయటికి వస్తే గోడ మీద అవే, ఫోన్ తెరిస్తే అవే. ఒకరోజు పొద్దున బాపు ఫోన్‌లో అలాంటి ప్రకటన ఒకటి తెరిచాడు. ఫొటోలు ఉన్నాయి, తోట ఉంది, ఈతకొలను ఉంది. ధర మాత్రం లేదు. ధర తెలుసుకోవాలంటే పేరు, ఫోన్ నంబర్ ఇవ్వాలని రాసి ఉంది. బాపు ఇచ్చాడు.

అరగంట కాలేదు, మొదటి ఫోన్ వచ్చింది. పొద్దుగూకే లోపల ఇంకో ఏడెనిమిది. బాపు అడిగింది ఒక బిల్డింగు గురించి. ఫోన్ చేసినవాళ్లు మాత్రం కళ్యాణ్‌లో, థానేలో, అంబర్‌నాథ్‌లో ఉన్నవన్నీ అమ్మచూశారు. రెండో రోజు హోమ్ లోన్ ఇస్తామని ఒకరు, మూడో రోజు ఇంటీరియర్ చేస్తామని ఇంకొకరు. విచిత్రం ఏమిటంటే, ఇంతమంది ఫోన్ చేసినా బాపు అడిగిన ధర మాత్రం ఒక్కరూ చెప్పలేదు. "సార్, సైట్‌కు రండి, కూర్చొని మాట్లాడుకుందాం" అనే మాటే అందరిదీ.

సాంచాల మధ్య నిలబడి పనిచేసే మనిషికి ఫోన్ రావడమంటే ఏమిటో ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది. ఆ చప్పుడులో ఏమీ వినపడదు. ఫోన్ ఎత్తాలంటే కార్ఖానా బయటికి రావాలి. వచ్చిన ఆ రెండు నిమిషాల్లో ఏదో ఒక సాంచ మీద పోగు తెగితే బట్టలో తప్పు పడుతుంది. తప్పు పడితే సేట్ మజూరీలో కోత పెడతాడు. వారం రోజులు అట్లా బయటికీ లోపలికీ తిరిగి, బాపు ఒక నిర్ణయానికి వచ్చాడు. తెలియని నంబర్ అయితే ఎత్తొద్దు, వెంటనే కట్ చేసెయ్యాలి.

ఆ నిర్ణయం చేసిన పదిరోజులకు సిరిసిల్లలో మా మేనత్త పోయింది.

ఆ గడబిడలో బావ ఫోన్ చార్జింగ్ అయిపోయింది. పక్కింటి పిలగాడి ఫోన్ తీసుకొని బాపుకు మూడుసార్లు చేశాడు. బాపు మూడుసార్లూ కట్ చేశాడు. మూడోసారి ఆ నంబర్‌ను బ్లాక్ కూడా చేశాడు. రాత్రి తొమ్మిదింటికి షోలాపూర్ నుంచి చిన్నాయిన ఫోన్ వచ్చింది. "అన్నా, బయలెల్లినవా లేదా?" అని. ఎక్కడికి అని అడిగాడు బాపు. ఆ రాత్రి దొరికిన బండి ఎక్కి పోయినా, మేం ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. సొంత అక్క కడసారి చూపు మా బాపుకు దక్కలేదు.

ఫ్లాటు అమ్మేవాళ్ల మీద ఈ నేరమంతా మోపడం లేదు. బాపుకు ఫోన్ చేసిన పిలగాళ్లు వాళ్ల పని వాళ్లు చేసుకున్నారు. కానీ ఒక సంగతి మాకు ఆ రోజు అర్థమైంది. విసిగించే ఫోన్ల నష్టం ఆ ఫోన్ ఎత్తిన రెండు నిమిషాలతో పోదు. అవి మనిషికి ఫోన్ ఎత్తడమే మాన్పిస్తాయి. ఊరికి దూరంగా బతికే మనలాంటి కుటుంబాలకు పుట్టుక వార్తా, చావు వార్తా వచ్చే దారి అదొక్కటే. ఆ దారినే మనం మూసుకుంటున్నాం. అందుకే మా ఇంట్లో ఇప్పుడు ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: ధర ముందు, నంబర్ తర్వాత. మీ ఇంట్లోనూ పెట్టుకోమని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాం.

ఇది కొత్త తెలివేమీ కాదు. మన వృత్తిలో ఉన్న పద్ధతే. జాబ్ వర్క్‌కు సేట్ బీము పంపేముందు పిక్కుకు ఎన్ని పైసలో తేల్చుకుంటాం. రేటు తేలకుండా బీము సాంచ మీదికి ఎక్కించినవాడిని మా తాత వెర్రివాడి కింద లెక్కవేసేవాడు. ఎక్కించాక ఇక బేరం ఆడే బలం ఉండదు గదా. నంబర్ కూడా అంతే. రేటు చెప్పకముందే నంబర్ చేతికి ఇచ్చామంటే, బేరం మొదలుకాకముందే మన చేతిలో ఉన్నది వాళ్లకు ఇచ్చేసినట్టు. ఆ తర్వాత మనం ఆలోచించుకోవడానికి టైమ్ ఎంత కావాలో నిర్ణయించేది మనం కాదు, వాళ్లు.

ఇంకో పాత సంగతి. మా ఇంట్లో ఫోన్ లేని కాలంలో పెళ్లి కార్డు మీద పీపీ నంబర్ వేసేవాళ్లం. అది గల్లీ చివర ఉన్న సేట్ దుకాణం ఫోన్. ఆ నంబర్ ఎవరికైనా ఇవ్వాలంటే తాత ముందు సేట్‌ను అడిగేవాడు. "మా సిరిసిల్లోళ్లకు మీ నంబర్ ఇయ్యమంటారా?" అని. ఇస్తే ఎందుకోసం చేయాలో, ఏ వేళ చేయాలో కూడా చెప్పి ఇచ్చేవాడు. పరాయివాళ్ల నంబర్ కాబట్టి అంత జాగ్రత్త. ఇప్పుడు నంబర్ మన సొంతమైంది, జాగ్రత్త పోయింది. అప్పటి నంబర్‌కు ఫోన్ మాత్రమే వచ్చేది. ఇప్పటి నంబర్ మీద బ్యాంకు ఉంది, ఆధార్ ఉంది, గ్యాస్ ఉంది, కరెంటు బిల్లు ఉంది, డబ్బు పంపే యాప్ ఉంది. ఓటీపీ వచ్చేది దానికే. ఇన్ని తాళాలకు ఒకటే చెవి అయినప్పుడు, రేటు అడిగిన ప్రతి దుకాణంలో దాన్ని చూపించడం ఎంతవరకు సబబు?

నంబర్ ఇవ్వగానే ఏం జరుగుతుందో కొంచెం తెలుసుకుంటే మంచిది. ధర చూపిస్తామనే ఆ ఫారం చాలాసార్లు బిల్డరుది కాదు. మధ్యవర్తిది. ఫారం కింద చిన్న అక్షరాల్లో, "మేమూ మా భాగస్వాములూ మీకు ఫోన్ చేయడానికి ఒప్పుకుంటున్నారు" అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంటుంది. దాని పక్కన టిక్ ముందే పెట్టి ఉంటుంది. భాగస్వాములు ఎందరో ఎక్కడా ఉండదు. నిన్ననే ఇల్లు అడిగిన మనిషి నంబర్ అంటే అమ్మేవాళ్లకు వేడి వేడి సరుకు. అది చల్లారకముందే ఫోన్ చేయాలి. అందుకే అరగంటలో మొదటి ఫోన్ వస్తుంది.

చట్టం ఏమంటుందో చూద్దాం. బిల్లు కట్టే దగ్గర నంబర్ చెప్పాలని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో దుకాణాలకు సూచన పంపింది. నంబర్ ఇవ్వలేదని అమ్మకం ఆపడం సరైన వ్యాపార పద్ధతి కాదని చెప్పింది. అదే ఏడాది ఆగస్టు 11న వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఆ చట్టంలోనే ఉదాహరణలు ఇచ్చారు. అందులో ఒకటి అచ్చం మా కథే. ఒకావిడ అద్దె ఇల్లు వెతికిపెట్టమని బ్రోకరుకు తన వివరాలు ఇస్తుంది. ఆ పని కోసం అతను వాటిని వాడుకోవచ్చు. ఇక అవసరం లేదని ఆమె చెప్పిన తర్వాత వాడటం ఆపేయాలి. ఇంకో ఉదాహరణలో, ఫోన్‌లో వైద్యం అందించే యాప్ ఒకటి మన కాంటాక్టుల జాబితా కూడా అడుగుతుంది. మనం సరేనన్నా ఆ ఒప్పుదల వైద్యానికి మాత్రమే చెల్లుతుంది, జాబితాకు చెల్లదు. ఎందుకంటే ఆ పనికి జాబితా అవసరం లేదు. ఈ చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. అంటే చట్టం దారిలో ఉంది, పూర్తిగా ఇల్లు చేరలేదు. అందాకా మన జాగ్రత్త మనదే.

ఇక టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నడిపించే డీఎన్‌డీ సంగతి. 1909కు ఫోన్ చేసి గానీ, ఇంగ్లీషులో స్టార్ట్ అని రాసి కొంచెం ఖాళీ వదిలి సున్నా పెట్టి అదే నంబర్‌కు మెసేజ్ పంపి గానీ ప్రచార కాల్స్ అన్నీ ఆపమని చెప్పొచ్చు. ప్రచారం చేసే కంపెనీలు మామూలు పది అంకెల నంబర్ల నుంచి ఫోన్ చేయకూడదు, వాళ్లకు 140తో మొదలయ్యే నంబర్లు ఉన్నాయి. బ్యాంకులు, ప్రభుత్వ సేవల కోసం 1600తో మొదలయ్యేవి వేరే ఇచ్చారు. 2025 ఫిబ్రవరిలో నిబంధనలు ఇంకొంచెం బిగించారు. ఇదివరకు మూడు రోజుల లోపల ఫిర్యాదు చేయాల్సి ఉండేది, ఇప్పుడు ఏడు రోజుల దాకా చేయొచ్చు. డీఎన్‌డీలో నమోదు కాకపోయినా ఫిర్యాదు తీసుకుంటారు. ఒక నంబర్ మీద పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చర్యకు చాలు. ఇదివరకు ఏడు రోజుల్లో పది కావాల్సి వచ్చేది. కాబట్టి, "నా ఒక్కడి ఫిర్యాదుతో ఏమైతది" అనుకోకండి. ఒక గల్లీలో ఐదిళ్లు కదిలితే పని అవుతుంది.

కానీ డీఎన్‌డీ పెట్టుకున్నాం గదా అని ఫారాలు నింపుకుంటూ పోతే లాభం లేదు. ఫారంలో మనమే ఒప్పుకున్నామని వాళ్లు చూపిస్తారు. ముందు ద్వారం మూసి వెనక ద్వారం తెరిచినట్టే.

మరి నంబర్ ఇవ్వకుండా ధర ఎట్లా తెలుస్తుంది? ఊరి నుంచి తిరిగొచ్చిన నెలకు మేం ఇల్లు వెతకడం మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి వేరే దారిలో పోయాం. మహారాష్ట్రలో 2023 ఆగస్టు 1 నుంచి ఫ్లాట్ల ప్రకటనల మీద మహారెరా క్యూఆర్ కోడ్ ఉండాలి. దాన్ని ఫోన్‌తో స్కాన్ చేస్తే ప్రాజెక్టు వివరాలు తెరుచుకుంటాయి. కట్టేది ఎవరు, ఎప్పటికి పూర్తి చేస్తామన్నారు, ఏ అనుమతులు ఉన్నాయి, ఇవన్నీ అక్కడే ఉంటాయి. ఎవరికీ నంబర్ ఇవ్వనక్కర లేదు. ఏ ప్రాంతంలో సర్కారు లెక్క ప్రకారం చదరపు మీటరు విలువ ఎంతో రిజిస్ట్రేషన్ శాఖ రెడీ రెకనర్‌లో చూడొచ్చు. అది బజారు ధర కాకపోయినా చేతిలో ఒక కొలబద్ద ఉంటుంది. ఆ తర్వాత మనుషులుగా వెళ్లాం. మూడు సైట్లకు, ఒకే ఆదివారం.

ఒక సైట్‌లో తలుపు దగ్గరే రిజిస్టరు పెట్టి నంబర్ రాయమన్నారు. "మీ కార్డు ఇయ్యండి, నచ్చితే మేమే ఫోన్ చేస్తాం" అన్నాం. వాళ్లు ససేమిరా అన్నారు. మేం లేచాం. చెప్పులు వేసుకునేలోపు లోపలి నుంచి పెద్దమనిషి ఒకాయన వచ్చి కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించి, కాగితం మీద మొత్తం లెక్క రాసి ఇచ్చాడు. ఫ్లాటు ధర, పార్కింగ్, స్టాంపు డ్యూటీ, జీఎస్టీ అన్నీ. వారం రోజులు ఫోన్లలో దొరకని ధర పది నిమిషాల్లో దొరికింది. లేచి వెళ్లిపోగలిగిన గిరాకీకే మంచి రేటు వస్తుందని తాత అనేది ఇందుకేనేమో.

తప్పనిసరిగా నంబర్ ఇవ్వాల్సిన చోట్ల కోసం ఇంట్లో రెండో సిమ్ ఒకటి పెట్టుకున్నాం. పాత బటన్ ఫోన్‌లో వేసి అల్మారా మీద పెట్టాం. రేట్లు అడగడానికి, సరుకు తెప్పించుకోవడానికి అదే. దాని మీద బ్యాంకు లేదు, ఆధార్ లేదు, వాట్సాప్ లేదు. సాయంత్రం ఒకసారి చూస్తాం, అవసరమైనవాళ్లకు మేమే చేస్తాం. ఒక మనిషి పేరు మీద 9 సిమ్‌ల దాకా ఉండొచ్చు కాబట్టి రెండోది తీసుకోవడంలో తప్పేమీ లేదు. ఒక్క జాగ్రత్త: రీచార్జ్ చేయకుండా వదిలేస్తే ఆ నంబర్ పోతుంది, కొంతకాలానికి ఇంకెవరికో ఇస్తారు. బ్యాంకుకు గానీ ఇంకే ఖాతాకు గానీ దాన్ని జోడించొద్దు అనేది అందుకే. డబ్బు పంపే యాప్‌లో మీ ఐడీ ఫోన్ నంబరుతోనే ఉందేమో కూడా చూసుకోండి. చాలా యాప్‌లలో నంబర్ లేని ఐడీ పెట్టుకోవచ్చు. కూరగాయల బండి మీద పది రూపాయలు కట్టడానికి నంబర్ చూపించాల్సిన పని లేదు గదా.

బట్టల దుకాణంలో, చెప్పుల దుకాణంలో బిల్లు దగ్గర నంబర్ అడిగితే ఇప్పుడు మా అమ్మ కూడా తడబడటం లేదు. "నంబర్ నహీ దేనా హై, బిల్ దో" అంటుంది. మొదట్లో కౌంటర్ పిల్ల కంప్యూటర్ ఒప్పుకోదంది. అమ్మ సామాను అక్కడే పెట్టింది. కంప్యూటర్ ఒప్పుకుంది.

ఇంతవరకు బయటివాళ్ల సంగతి. మన చేతులు మనం చూసుకోవాల్సింది కూడా ఉంది. మన నంబర్లు బయటికి పోయేది దుకాణాల నుంచే కాదు. కుల సంఘం డైరెక్టరీ అచ్చువేస్తాం. అందులో ఇంటి పెద్ద పేరు, పని, గల్లీ, ఫోన్ నంబర్ ఉంటాయి. కలిసికట్టుగా ఉండటానికి అది అవసరమే. కానీ అదే పుస్తకం పీడీఎఫ్ అయి పది గ్రూపుల్లో తిరిగితే అమ్మేవాడికి అంతకన్నా మంచి జాబితా ఎక్కడ దొరుకుతుంది? ఇంకా బాధ కలిగించేది సంబంధాల బయోడేటాలు. ఆడపిల్ల ఫొటో, చదువు, జీతం, కింద ఆమె సొంత ఫోన్ నంబర్. మంచి మనసుతోనే పంపుతాం, "మంచి పిల్ల, ఎవరికన్నా చెప్పండి" అని. అది భివండి నుంచి షోలాపూర్‌కు, సూరత్‌కు, అక్కడి నుంచి ఎక్కడెక్కడికో పోతుంది. మా చుట్టాల పిల్లకు అట్లా మొదట పెళ్లి ఫొటోల స్టూడియోల నుంచి, తర్వాత ఎవరో తెలియని మగవాళ్ల నుంచి ఫోన్లు వచ్చాయి. చివరికి ఆ పిల్ల ఉద్యోగానికి ఇచ్చిన నంబర్ మార్చుకోవాల్సి వచ్చింది. బయోడేటా మీద తండ్రి నంబరో, అన్న నంబరో, ఇంటి రెండో సిమ్ నంబరో వేస్తే సంబంధం ఏమీ ఆగిపోదు. అలాగే, "మీకు తెలిసిన ఐదుగురి నంబర్లు ఇవ్వండి, మీకు బహుమతి ఇస్తాం" అనేవాళ్లకు చుట్టాల నంబర్లు ఇవ్వకండి. తాత సేట్‌ను అడిగినట్టు, వాళ్లను అడిగే ఇవ్వండి.

మాతో వాదించేవాళ్లూ ఉన్నారు. "మన నంబర్ ఇప్పటికే అందరి దగ్గర ఉంది, ఇప్పుడు దాచి లాభమేమిటి?" అంటాడు చిన్నాయిన. నిజమే, పోయింది తిరిగి రాదు. కానీ పాత నంబర్ల జాబితా పాతబడుతుంది. మనం నింపే ప్రతి ఫారం దానికి కొత్త ప్రాణం పోస్తుంది. ఈ మనిషి ఈ వారంలో ఇల్లు వెతుకుతున్నాడన్న కబురే వాళ్లకు కావాలి, ఆ కబురు ఇచ్చేది మనమే. ఇంకొకరు అన్నారు, "మనమూ వ్యాపారం చేసేవాళ్లమే, మన దుకాణాలకు గిరాకీ నంబర్లు వద్దా?" అని. కావాలి. మేమూ తాకాలు అమ్ముతాం, మాకూ కొనేవాళ్ల నంబర్లు ఉన్నాయి. అయితే వాటిని మేం ఎవరికీ ఇవ్వం, వద్దన్నవాళ్లకు మళ్లీ చేయం. గిరాకీ నమ్మకం అంటే అదే గదా.

ఫోన్ చేసే పిలగాళ్లను మాత్రం తిట్టొద్దు. మన గల్లీ పిల్లలే ఎందరో థానే, ఐరోలీ కాల్ సెంటర్లలో టార్గెట్లు మోస్తున్నారు. ఒక్కసారి, గట్టిగా, మర్యాదగా చెప్పండి: "మాకు అవసరం లేదు, మా నంబర్ మీ జాబితాలో నుంచి తీసేయండి." తేదీ రాసుకోండి. మళ్లీ వస్తే తిట్టు బదులు 1909కు ఫిర్యాదు చేయండి. ఫోన్‌లో ఎవరైనా ఓటీపీ అడిగితే అది అమ్మకం కాదు, దొంగతనం. డబ్బు పోతే వెంటనే 1930కి చేయండి.

దూరదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అమెరికాలో 2003 నుంచి జాతీయ డు నాట్ కాల్ రిజిస్ట్రీ ఉంది. దుబాయిలో ఉన్నవాళ్లకు 2024 ఆగస్టు నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి, అమ్మకం ఫోన్లు పొద్దున 9 నుంచి సాయంత్రం 6 లోపలే చేయాలి. అక్కడైనా ఇక్కడైనా, ఇన్సూరెన్సు రేటు చూపిస్తామని నంబర్ అడిగే ఫారం ఒక్కటే తీరు. దేశం మారినా ఫారం మారలేదు.

మా ఇల్లు ఇంకా ఖరారు కాలేదు. రెండు కాగితాలు చేతిలో ఉన్నాయి, లెక్కలు వేసుకుంటున్నాం. తొందర లేదు, ఎవరూ తరమడం లేదు. ఊళ్లో చుట్టాలందరికీ, వాళ్ల పక్కింటివాళ్లకు కూడా చెప్పి పెట్టాం: కొత్త నంబర్ నుంచి చేస్తే, మేం ఎత్తకపోతే, పేరు రాసి ఒక మెసేజ్ పెట్టమని. బావకు ఫోన్ చేయించి, బాపు ఆ పక్కింటి పిలగాడి నంబర్‌ను బ్లాక్‌లో నుంచి తీసి పేరు పెట్టి సేవ్ చేసుకున్నాడు. ఇప్పుడు బాపు ఫోన్‌కు అమ్మేవాళ్ల ఫోన్లు బాగా తగ్గాయి. తెలియని నంబర్ వచ్చినా మళ్లీ ఎత్తుతున్నాడు. కార్ఖానా బయటికి వచ్చి, ఒక చెవి మూసుకొని, ముందు తెలుగులోనే అడుగుతాడు: "ఎవలు?"